నాలుగో కంప్యూటరు

బాగ్‌బేడా రైల్వే క్వార్టర్లు,
టాటానగర్,
2 జూలై 2001.

బావకి హేమ రాసేది,

ఇక్కడ నాకూ నాన్నకీ ఒళ్ళు బాగానే ఉంది. బాగులేనిదల్లా నువ్వు పెట్టిన కంప్యూటరుకే. అక్కకి వేరే ఉత్తరం రాత్తాను. ఈ కోపం మీద రాత్తే అది బెంగెట్టుకుంటాది.

గోవింద్‌పూర్‌లో సీతారామరావు గారి వర్క్‌షాపులో నాలుగు కంప్యూటర్లు పెట్టింది నువ్వే గదా. మూడు ముందు పెట్టేవు. నాలుగోది, నువ్వూ అక్కా గాజువాక వెళ్ళిపోయే ముందు వారం హడావిడిగా తెచ్చి పెట్టీసేవు. ఆ నాలుగోదే నా నెత్తిన పడింది. డిస్పాచ్ నాది. మా షాపులో చేసే బ్రాకెట్లు ట్రక్కుల ఫ్యాక్టరీ గేటు దాటాలంటే చలాను ఉండాలి. చలాను నేను కంప్యూటర్లో కొట్టి ప్రింటు తియ్యాలి. ఆ కాయితం లేకపోతే బండి గేటు బయటే ఉండిపోతాది, మా వంతు ఇంకోడికి వెళ్ళిపోతాది.

మొదట్నుంచీ అది అప్పుడప్పుడూ మొరాయించేది. చలాన్లు పొడుగయ్యేకా, రెండు వారాల బట్టీ రోజూ ఏటవుతున్నాదంటే, సగం చలాను కొట్టేసరికి తెరంతా నీలంగా అయిపోతన్నాది. దాని మీద తెల్లక్షరాలు ఏవో నాలుగు లైన్లు. ఇంక కీబోర్డు నొక్కినా, మౌసు కదిపినా ఉలుకూ పలుకూ ఉండదు. స్విచ్చి ఆపి మళ్ళీ వెయ్యడమే. కొట్టిందంతా పోతాది. మొన్న శనివారం మూడుసార్లు అయింది. మూడోసారి బయట బండి డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యకుండా కూచున్నాడు.

సీతారామరావు గారు వచ్చి నా వెనకాల నిలబడి, మిగతా ముగ్గురికీ రాని జబ్బు నీదానికే ఎందుకొత్తందని అడిగేరు. అందరూ విన్నారు. నేను గేమ్స్ ఆడతన్నానట, ఎక్కడిదో ఫ్లాపీ తెచ్చి పెట్టేనట. బావా, నాకు ఆ గేమ్స్ ఎక్కడుంటాయో కూడా తెలవదు. డిగ్రీ చదివి, టైపు హయ్యరు పాసయి, రెండేళ్ళ బట్టీ ఒక్క చలానులో తప్పు లేకుండా కొట్టిన మనిషిని నేను. నాకు ఒళ్ళు మండిపోతన్నాది.

ఎస్‌టీడీ బూత్ నుంచి నీకు ఫోన్ చేసి ఆ నీలం తెర మీది అంకెలు చదవడం మొదలెడితే బూత్‌వాడు పిచ్చిదాన్ని చూసినట్టు చూసేడు. అందుకే రాత్తన్నాను. ఏం చెయ్యాలో వెంటనే రాయి.

హేమ


గాజువాక,
14 జూలై 2001.

మా మరదలు పిల్లకి,

నీ ఉత్తరం చదివి మీ అక్కా నేనూ నవ్వుకున్నాం. కంప్యూటరంటే కాత్త ముద్దుగా చూసుకోవాలి, నీలాగ రోజూ దాంతో దెబ్బలాడితే అది అలగదేటి?

ఇది గ్యారంటీగా వైరస్సే. టెన్షన్ పడకు. దీంతో ఒక సీడీ పంపుతున్నాను, పెట్టి ఎంటర్ కొడుతూ ఉండు, అదే దులుపుకుంటాది. తగ్గకపోతే పెట్టె మూత విప్పి, లోపల నిలువుగా గుచ్చి ఉన్న చిన్న పచ్చ పలక ఒకటుంటాది, దాన్ని ర్యామ్ అంటారు. దాన్ని పీకి, బంగారం రంగు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చు. మా షాపుకొచ్చే బళ్ళలో (కంప్యూటర్లని మేం బళ్ళనే అంటాం) సగం ఆ రబ్బరుతోనే బాగయిపోతాయి.

సీతారామరావు గారికి నా నమస్కారాలు చెప్పు. ఆయన మంచివాడే, నోరే కాత్త పెద్దది. ఇంకో రెండు కంప్యూటర్లు కావాలంటన్నారని విన్నాను, నా పేరు గుర్తు చెయ్యి.

మీ బావ
జగ్గారావు


టాటానగర్,
30 జూలై 2001.

బావకి,

నీ సీడీ పెట్టేను. వైరస్ ఏటీ లేదన్నాది. నీ రబ్బరుతో రుద్దేను. రుద్ది మూత బిగించిన గంటకే నీలం తెర వచ్చింది. నేను మూత విప్పడం చూసి, మరమ్మతు కూడా నేర్చీసుకున్నావా, దీన్ని పాడుచేసింది నువ్వేనని ఇప్పుడు తేలిపోయింది అన్నారు సీతారామరావు గారు. నువ్వు చెప్పిన పని చేసినందుకు నాకు దక్కిన మర్యాద ఇది.

ఇంటికొచ్చి ఏడిచేను. నాన్న చూసేరు. ముప్పై ఏళ్ళ బట్టీ సిగ్నళ్ళు బాగుచేసే మనిషి, ఏడుపు చూసి కంగారు పడరు. నా ఏడుపు అయ్యేదాకా కూచుని, అప్పుడు అడిగేరు, ఎన్నిసార్లు అయింది, ఏ ఏ టైముల్లో అని. నేను చెప్పలేకపోయేను. అప్పుడు తిట్టేరు. సిగ్నల్ ఫెయిలయితే ముందు గడియారం చూసి టైము రాయాలట, అప్పుడేం జరుగుతున్నాదో రాయాలట, అది రాసేకే చెయ్యి వెయ్యాలట. ఇంకోటి చెప్పేరు: "అమ్మీ, ఒకేపాలి రెండు మార్చీకు. మార్చీసేవంటే దేనివల్ల బాగయినాదో దేవుడిక్కూడా తెలవదు."

ఆయన డ్యూటీ రిజిస్టర్ లాంటిదే ఒక నోటుబుక్కు గీతలు గీసి ఇచ్చేరు. పన్నెండు రోజుల బట్టీ రాత్తన్నాను. ఇరవైరెండు సార్లు అయింది. పొద్దున్న, మధ్యాన్నం, ఎండ, వాన, ఏ తేడా లేదు. కానీ ఇరవైరెండు సార్లూ నేను చలాను పొడుగు పేజీని మౌసుతో కిందకి జరుపుతున్నప్పుడో, ప్రింటుకి ముందు ఎలాగుంటాదో చూపించమన్నప్పుడో అయింది. ఊరికే కూచుని అంకెలు కొడుతున్నప్పుడు ఒక్కసారీ అవ్వలేదు.

ఇంకో సంగతి. ఆ తెల్లక్షరాల్లో అంకెలు మారతన్నాయి గానీ, రెండో లైను చివర ఒక ఫైలు పేరు వత్తాది, అది మాత్రం ఎప్పుడూ ఒకటే. దాన్ని అక్షరం తప్పకుండా ఎత్తి వేరే చీటీలో రాసి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. అదేటో చెప్పు. దాని సంగతి తేలితే అన్నీ తేలిపోతాయని నాన్న అంటన్నారు.

హేమ


గాజువాక,
10 ఆగస్టు 2001.

హేమకి,

నీ చీటీ అందింది. ఆ నీలం తెర మీద రాసేవి ఎవరూ చదవరు, అవి ఆ కంపెనీవాళ్ళు వాళ్ళకోసం రాసుకున్నవి. రోజూ కాయితాల మీద ఎక్కించి నీ బుర్ర పాడుచేసుకోకు. సిగ్నళ్ళు వేరు, కంప్యూటర్లు వేరు. మావయ్యకి చెప్పు, నా నమస్కారాలతో.

నాకనుమానం మీ షాపులో ఎర్తింగు సరిగా లేదు. పెద్ద పెద్ద ప్రెస్సులు కొడుతుంటే కరెంటు ఎగిరిపడతాది. వెనకాల ఎర్త్ గొయ్యిలో ఉప్పు వేసి రెండు బిందెలు నీళ్ళు పొయ్యించు. దాంతో కూడా తగ్గకపోతే నా దగ్గరున్న విండోస్ సీడీ రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను, మొత్తం తుడిచీసి మళ్ళీ ఎక్కించు. ఎలాగెక్కించాలో కాయితం లోపలుంది.

నాకు షాపు కొత్త, తీరిక లేదు. పొట్టి ఉత్తరమని అనుకోకు.

జగ్గారావు


టాటానగర్,
29 ఆగస్టు 2001.

బావా,

ఎర్త్ గొయ్యిలో ఉప్పు పోయించేను. కొట్టుకెళ్ళి ఉప్పు నేనే కొన్నాను. షాపులో వాళ్ళంతా, కంప్యూటరుకి దిష్టి తీత్తన్నావా దీదీ అని నవ్వేరు. అయినా పోయించేను. ఏటీ అవ్వలేదు.

తర్వాత నీ సీడీ పెట్టేను. నీ కాయితంలో రాసినట్టే ఒక్కో అక్షరం చూసుకుని చేసేను. అందులో నువ్వు రాయని ముక్క ఒకటుంది. అది మొత్తం తుడిచీసే ముందు నా చలాన్లన్నీ ఫ్లాపీల్లోకి ఎత్తుకోవాలని. నాకు తెలవదు. నీకు తెలుసు. ఏప్రిల్ బట్టీ ఉన్న చలాన్లు అన్నీ పోయేయి. కార్బను కాపీలు ముందేసుకుని తొమ్మిది రోజులు, ఆదివారం కూడా వెళ్ళి, మళ్ళీ కొట్టేను. వేళ్ళు వాచిపోయేయి.

ఇంత చేసేకా, మూడో రోజు మళ్ళీ అదే నీలం తెర. అదే ఫైలు పేరు. ఇంకోసారి చీటీ పెడుతున్నాను, పోయినసారి చీటీ నువ్వు చూడలేదేమో అనుకుంటన్నాను. అదేటని అడిగితే ఎర్తింగు గురించి రాసేవు. నేనడిగిందేటి, నువ్వు చెప్పిందేటి?

ఇప్పుడు అసలు సంగతి. సీతారామరావు గారు ఒక కాయితం టైపు చేయించి నా ముందు పెట్టేరు. నా నిర్లక్ష్యం వల్లా, పనికిరాని ఫ్లాపీలు వాడడం వల్లా కంప్యూటరు చెడిపోయిందని, చలాన్లు పోవడానికి బాధ్యత నాదేనని, క్షమించమని. దాని మీద సంతకం పెట్టాలి. సెప్టెంబరు నెలాఖరు లోపల పెట్టకపోతే మానీమన్నారు. పెడితే ఉద్యోగం ఉంటాదట, కానీ కంప్యూటరు మీద కాదు, స్టోర్స్‌లో బోల్టులు లెక్కపెట్టే పని.

టెల్కో కాలనీలో, గోవింద్‌పూర్‌లో షాపుల యజమానులంతా ఒకరికొకరు తెలుసు. ఆ కాయితం ఒకసారి ఫైల్లోకి వెళ్ళిందంటే నాకు ఈ ఊళ్ళో ఇంకెక్కడా కంప్యూటరు ముట్టుకోనివ్వరు. నేను పెట్టను. అసలు కారణమేటో నాకు నెలాఖరులోపల తెలియాలి. నీకు తెలిస్తే చెప్పు. తెలవకపోతే తెలవదని చెప్పు, దానికీ నాకు కోపం రాదు.

హేమ


గాజువాక,
8 సెప్టెంబరు 2001.

హేమకి,

నువ్వు ప్రతీదీ పెద్దది చేత్తావు, చిన్నప్పట్నుంచీ అంతే. కాయితమే గదా, పెట్టీ. సంతకం పెట్టినంత మాత్రాన ఏం పోయింది? నాలుగు నెలలు స్టోర్స్‌లో ఉంటే ఆయనే మర్చిపోయి మళ్ళీ నిన్ను కూచోబెడతారు. పెద్దోళ్ళతో పంతానికి పోతే మనకే నష్టం. మా అత్తగారు ఉండుంటే ఇదే చెప్పేది.

కంప్యూటరన్నాక చెడతాది. కారణాలు వంద ఉంటాయి. అన్నిటికీ పేర్లు పెట్టలేం.

జగ్గారావు


టాటానగర్,
25 సెప్టెంబరు 2001.

జగ్గారావు గారికి,

ఈ ఉత్తరం మీరు కూచుని చదవండి. మా అక్కని కూడా పక్కన కూచోబెట్టుకోండి.

పదిహేడో తారీఖున విశ్వకర్మ పూజ. ఈ ఊళ్ళో ఆ రోజుకి ఉన్న విలువ మీకు తెలుసు, ఆరేళ్ళు ఇక్కడ బతికేరు. ప్రెస్సులు కడిగేరు, లేతులకి దండలేసేరు. ఎవరి మిషనుకి వాళ్ళే బొట్టు పెట్టుకున్నారు. ఆఫీసులో మూడు కంప్యూటర్లకీ వాటి మీద పనిచేసేవాళ్ళే పెట్టేరు. నేను కుంకం భరిణె తీసుకుని వెళ్తే, సీతారామరావు గారు నా చేతిలోంచి అది తీసుకుని, "దీనికి నీ చెయ్యి వద్దమ్మా" అన్నారు. ప్యూనుచేత పెట్టించేరు. దానికో నిమ్మకాయ కూడా కట్టించేరు. ప్రసాదం పట్టుకుని నేను గుమ్మంలో నిలబడిపోయేను. ఆ లడ్డూ తినలేదు.

మర్నాడు నోటుబుక్కు పట్టుకుని టెల్కో కాలనీ వెళ్ళేను. నారాయణమూర్తి గారని ట్రక్కుల ఫ్యాక్టరీలో ఇంజనీరు, వాళ్ళమ్మాయి మనస్వి అక్కడే కంప్యూటరు క్లాసులు చెప్తాది. నేను తెలుగులో చెప్తే ఆవిడ హిందీలో జవాబిచ్చింది, ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల. నోటుబుక్కు మూడు పేజీలు తిప్పింది. అంతే. "దీదీ, యే తో డిస్‌ప్లే కా డ్రైవర్ హై" అన్నాది. మూడు నిమిషాలు పట్టలేదు.

మీకు తెలవదు గాబోలు, చెప్తాను. తెర మీద బొమ్మ చూపించడానికి పెట్టెలో ఒక కార్డు ఉంటాదట. ఆ కార్డుతో ఎలా మాట్లాడాలో కంప్యూటరుకి చెప్పే చిన్న ప్రోగ్రాము డ్రైవరట. నేను మీకు రెండుసార్లు చీటీ రాసి పంపిన ఫైలు పేరు ఆ డ్రైవరుదే. పేజీ జరిపినప్పుడల్లా అది కార్డుకి తప్పు మాట చెప్తాది, అంతా కూలిపోతాది.

ఆవిడ చెప్పినట్టు ఆ డ్రైవరు తీసీసి, విండోస్‌తో వచ్చే మామూలుది పెట్టేను. పదహారు రంగులే, అక్షరాలు దుంగల్లాగ ఉన్నాయి, చలాను సగమే కనపడతాది. కానీ పడిపోలేదు. మూడు రోజులు ఒక్కసారీ పడిపోలేదు. నాన్న ఊరుకోలేదు, పాతది తిరిగి పెట్టి చూడమన్నారు. శనివారం పొద్దున్న పెట్టేను. నలభై నిమిషాలకి నీలం తెర. మళ్ళీ తీసీసేను, బాగయిపోయింది. నిన్న అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు మూత విప్పి, నాన్న టార్చి వేసుకుని కార్డు మీది అక్షరాలు చదివేను. డ్రైవరు పాత మోడలుది. కార్డు కొత్త మోడలుది. కంపెనీ ఒకటే, కాబట్టి సగం పనులు బాగానే చేత్తాది, ఎవరికీ అనుమానం రాదు. సైబర్ కెఫేలో కంపెనీ వాళ్ళ సరయిన డ్రైవరు దింపి రెండు ఫ్లాపీల్లో తెచ్చి ఇచ్చింది మనస్వి. ఎక్కించేను. ఇప్పుడు బంగారంలా నడుస్తున్నాది.

ఇదంతా సీతారామరావు గారికి చెప్పేను. నోటుబుక్కు చూపించేను. ఆయనేమన్నారో తెలుసా? బాగుచేసేనంటున్నావంటే చెడగొట్టింది కూడా నువ్వేనన్నమాట, లేకపోతే నీకెలా తెలిసింది అన్నారు. నీ తప్పు బావ మీదకి తోసీత్తావా, ఆ జగ్గారావునే రాసిమ్మను, అప్పుడు నమ్ముతాను అన్నారు. గడువు దసరా దాకా ఇచ్చేరు, అదీ నాన్న వచ్చి నిలబడితే.

ఇప్పుడు మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. మూడు నిమిషాల్లో మనస్వికి తెలిసింది, ఎనిమిదేళ్ళుగా ఇదే పని చేత్తన్న మీకు తెలవదా? జూలైలో నా మొదటి ఉత్తరం చూసిన రోజే మీకు తెలుసు. తెలిసే వైరస్ అన్నారు. తెలిసే నాచేత ఉప్పు మోయించేరు. తెలిసే, అదే డ్రైవరున్న సీడీ మళ్ళీ పంపి నా చలాన్లన్నీ తుడిపించేరు. సంతకం పెట్టీమన్నారు. మా అమ్మ పేరు కూడా వాడుకున్నారు.

జవాబు రాయండి.

హేమ


గాజువాక,
5 అక్టోబరు 2001.

హేమకి,

మీ అక్క రెండు రోజుల బట్టీ నాతో మాట్లాడ్డం లేదు. దాచినా ఇంక లాభం లేదు. చెప్తాను.

మేం ప్రతీ కంప్యూటరుకీ మొదట్నుంచీ అన్నీ ఎక్కించం. అంత టైముండదు. ఒక హార్డ్ డిస్కు బాగా తయారుచేసి ఉంచుకుంటాం. కొత్త బండి వచ్చినప్పుడల్లా ఆ డిస్కుని ఉన్నదున్నట్టు నకలు తీసి పెట్టీత్తాం. అరగంటలో అయిపోతాది. మీ షాపు మొదటి మూడూ అలాగే పెట్టేను, అవి పాత కార్డులు, సరిపోయేయి. నాలుగోదానికి వచ్చేసరికి కార్డుల లాటు మారిపోయింది. పెట్టె అదే, రంగు అదే. నేను చూసుకోలేదు. సామాన్లు లారీకి ఎక్కిత్తన్న వారం అది. నకలు తీసి, తెర వెలిగింది గదాని వచ్చీసేను. ఇక్కడికొచ్చేక కూడా అదే డిస్కుతో ఇంకో ఏడు పెట్టేను. మే నెల్లో రెండుచోట్ల నుంచి కంప్లయింటు వచ్చేక తెలిసింది.

నువ్వన్నది నిజం. నీ మొదటి ఉత్తరం చూడగానే తెలిసింది. ఆ రాత్రి నీకు రాద్దామనే కూచున్నాను. రాత్తే నువ్వు వెళ్ళి సీతారామరావు గారికి చెప్తావు, ఆయన పదిమందికి చెప్తాడు, ఇక్కడ కూడా తెలిసిపోతాది, షాపు తెరిచి ఏడాది కాలేదు అనిపించింది. నీకు పంపే విండోస్ సీడీతో అదే సరి అయిపోతే బాగుణ్ణనుకున్నాను. ఆ సీడీలో కూడా పాతదే ఉందని పంపేక గుర్తొచ్చింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

ఇప్పుడు బండి బాగయిపోయింది గదా. ఇంకో మాట అడుగుతాను, కోప్పడకు. కరెంటు తేడా వల్ల అయిందని, అమ్మాయి తప్పేటీ లేదని సీతారామరావు గారికి ఒక ఉత్తరం రాసీత్తాను. నీ పని అయిపోతాది, నా పేరూ ఉంటాది.

జగ్గారావు

హేమా, నేను అక్కని, చిన్నమ్మిని. ఆయన అంటించకముందు కవరు నా చేతికొచ్చింది, అందుకని అడుగున రాత్తన్నాను. రెండుచోట్ల నుంచి కంప్లయింటు వచ్చిందని రాసేరే, అందులో ఒకటి పార్వతీపురంలో విత్తనాల గోడౌను. అక్కడ పైడమ్మని ఒకమ్మాయి కంప్యూటరు చూసేది. నిన్నన్నట్టే ఆమెనీ అన్నారు. మే నెల్లో తీసీసేరు. తర్వాత ఈయన వెళ్ళి సరయిన డ్రైవరు పెట్టి, వైరస్ పోయింది అని చెప్పి వచ్చీసేరు. చూసేరా, ఆ పిల్ల వెళ్ళిపోగానే కంప్యూటరు బాగయిపోయిందని ఓనరు అందరితో చెప్పుకున్నాడట. ఈయన అక్కడే ఉండి టీ తాగేరట. ఈ ముక్క నిన్న నాకు తెలిసింది. నాకు అన్నం సయించడం లేదు.


టాటానగర్,
13 అక్టోబరు 2001.

జగ్గారావు గారికి,

కరెంటు తేడా అని రాత్తారా? ఎర్త్ గొయ్యిలో పోసిన ఉప్పు చాల్లేదా?

సీతారామరావు గారికి నిజం రాయండి. నకలు తీసేరనీ, కార్డు చూసుకోలేదనీ, డ్రైవరు తప్పుదనీ, తెలిసీ మూడు నెలలు దాచేరనీ. మీ షాపు కాయితం మీద, మీ సంతకం, మీ ముద్రతో. దసరా లోపల అందాలి. అందకపోతే మీరు నాకు రాసిన ఈ ఉత్తరమే ఆయన బల్ల మీద పెడతాను, మా అక్క రాసిన ముక్కతో సహా. అప్పుడు మీ పేరు సంగతి మీరే చూసుకోండి.

ఇది నాకోసం. రెండోది పైడమ్మ గారికోసం. ఆ గోడౌను ఓనరుకి కూడా ఇదే రాయండి. నాకు నాన్న ఉన్నారు, నోటుబుక్కు గీసిచ్చేరు. మనస్వి ఉంది, మూడు నిమిషాల్లో చెప్పింది. అయినా నేను రాత్రుళ్ళు పడుకోలేదు. ఆవిడకి ఎవరున్నారో మీకు తెలుసా? మీరు కనుక్కున్నారా? ఆవిడ మీద వేసిన నిందకి మీ చేత్తో రుజువు తయారుచేసి వచ్చేరు. డ్రైవరు తప్పుది పెట్టడం పొరపాటు. పొరపాట్లు మా నాన్నకీ జరిగేయి, ఒప్పుకుని మెమో తీసుకున్నారు. ఆ గోడౌన్లో కూచుని టీ తాగడం పొరపాటు కాదు.

హేమ


గాజువాక,
22 అక్టోబరు 2001.

హేమకి,

సీతారామరావు గారికి నువ్వడిగినట్టే రాసేను, స్పీడ్ పోస్టులో పంపేను. కాపీ ఇందులో పెట్టేను, ఒక్క ముక్క తగ్గించలేదు. రాసేకా రెండుసార్లు చింపబోయేను. కానీ ఎన్నో రోజులకి నిన్న నిద్ర పట్టింది, అది కూడా నిజమే.

పార్వతీపురం మాత్రం నావల్ల కాదు. ఆయన ఇంకో రెండు గోడౌన్లకి ఆరు బళ్ళు చెప్పేడు. ఇప్పుడు ఇది రాత్తే ఆ పని పోతాది, ఆయన చుట్టూ ఉన్నవాళ్ళవీ పోతాయి. ఆ పిల్లకి పెళ్ళి కుదిరిందని కూడా ఎవరో అన్నారు, ఇంక ఉద్యోగం గొడవ ఆమెకెందుకు? దయచేసి దీన్ని ఇక్కడితో వదిలీ.

జగ్గారావు

హేమా, పెళ్ళీ లేదు గిళ్ళీ లేదు. నేను కనుక్కున్నాను. ఆమె ఇంటి దగ్గర మిషను కుడుతున్నాదట. అడ్రసు వెనక రాసేను. చిన్నమ్మి.


టాటానగర్,
2 నవంబరు 2001.

పైడమ్మ గారికి నమస్కారం.

మీరు నన్నెరగరు. నా పేరు హేమ. జెంషెడ్‌పూర్‌లో, గోవింద్‌పూర్ అనే పేటలో ఒక వర్క్‌షాపులో కంప్యూటరు మీద పనిచేత్తాను. మీ గోడౌన్లో కంప్యూటరు పెట్టిన జగ్గారావు మా అక్క మొగుడు. నా కంప్యూటరూ ఆయనే పెట్టేడు. రెండూ ఒకే డిస్కుకి నకళ్ళు.

మీ తెర నీలంగా అయిపోయేది గదా. పేజీ కిందకి జరిపినప్పుడో, ప్రింటు ఇచ్చే ముందో. మీరు ఏ తప్పు కీ నొక్కేనా అని వెనక్కి వెనక్కి ఆలోచించుకుని ఉంటారు. నేనూ అలాగే ఆలోచించుకున్నాను. నొక్కలేదండి. తెర కార్డు ఒకటి, దానికి పెట్టిన డ్రైవరు ఇంకోటి. ఆ బండి మీద ఎవరు కూచున్నా పడిపోయేదే. ఓనరు గారు కూచున్నా పడిపోయేది.

ఇందులో మూడు కాయితాలు పెట్టేను. మొదటిది మా బావ మా ఓనరుకి తన సంతకంతో రాసిచ్చినది. అది చదివేక మా ఓనరు నాకు సారీ చెప్పలేదు. "ఠీక్ హై, కామ్ కరో", సరే పని చేసుకో అని డ్రాయర్లో పెట్టీసుకున్నారు. నేను దాని జెరాక్సు తీసి షిఫ్టుల లిస్టు పక్కన బోర్డు మీద అంటించేను. అందరూ టీ టైములో చదివేరు. ఇంకా ఎవరూ చింపలేదు. రెండోది నా నోటుబుక్కులో పేజీలు, ఎన్ని గంటలకి ఏమయిందో ఉంటాది, మీకు మీ రోజులు గుర్తొస్తాయి. మూడోది మా బావ నాకు రాసిన ఉత్తరం, అడుగున మా అక్క మీ గురించి రాసిన ముక్క ఉంది. అది పంపుతున్నానని అక్కకి చెప్పేను. పంపమన్నాది.

మీ ఓనరుకి మా బావ రాయలేదు, రాయడు. అంచేత నేను వత్తన్నాను. మా నాన్న రైల్వేలో సిగ్నల్ మెయింటెయినరు, పాసు ఉంది. ఇద్దరం పద్దెనిమిదో తారీఖు ఆదివారం పార్వతీపురంలో దిగుతాం. సోమవారం గోడౌను తెరవగానే మీతో కలిసి వెళ్తాం. పాత డ్రైవరు ఫ్లాపీలో తెత్తన్నాను. ఆ కంప్యూటరు ముందు మీ ఓనరునే కూచోమని, అది ఎక్కించి, పేజీ ఆయన చేత్తోనే జరపమంటాను. నీలం తెర ఆయన చేతి కిందే వత్తాది. మీకు రావాలని లేకపోతే చెప్పండి, బలవంతం లేదు, మేమిద్దరమే వెళ్తాం.

మీరు వెళ్ళిపోయేక కంప్యూటరు బాగయిపోయిందని వాళ్ళు ఊరంతా చెప్పుకున్నారట. మీరు వెళ్ళిపోయినందుకు బాగవ్వలేదు. మా బావ వచ్చి, ఎవరికీ చెప్పకుండా, తను చేసిన తప్పు తనే సరిదిద్దుకుని వెళ్ళిపోయేడు, అందుకని బాగయింది. ఈ ఒక్క ముక్క మీ ఇంట్లో వాళ్ళందరినీ పిలిచి, గట్టిగా చదివి వినిపించండి.

హేమ